ఉప్పు మడి కాదండీ, చౌడు చెరువు

ప్రశ్న: నేను బోట్సువానా రాజధాని గాబరోన్‌లో అకౌంటెంట్‌ని. ఆరేళ్లుగా ఇక్కడే ఉంటున్నాం. మా అత్తమామలు డిసెంబరులో చినగంజాం నుంచి వస్తున్నారు, జనవరి చివర్లో వెళ్లిపోతారు. క్రిస్మస్ సెలవుల్లో వాళ్లని, మా ఆవిడని, పదకొండేళ్ల మా వాణ్ణి తీసుకుని మక్గడిక్గడి ఉప్పు మైదానాలు దాటాలని నా ప్లాన్. గ్వేటా ఊరి దగ్గర తారు రోడ్డు దిగి, నేరుగా దక్షిణంగా, మైదానం మధ్యలో రాతిగుట్టలా ఉన్న కుబు ఐలాండ్ దాకా వెళ్లి, అక్కడ రెండు రాత్రులు టెంట్లలో ఉండి, లెట్లకానే ఊరి మీదుగా ఇంటికి రావాలి. నాలుగు చక్రాలూ లాగే డబుల్ క్యాబ్ ఫోర్ బై ఫోర్ బండి అద్దెకి తీసుకుంటున్నాను. పైన రెండు టెంట్లు వాళ్లే బిగించి ఇస్తారు. నేల బల్లపరుపు, ఎదురొచ్చే బండి ఉండదు, ఇంతకన్నా తేలికైన డ్రైవింగ్ ఏముంటుందని నా వాదన. ఉప్పు మడి ఎండితే సిమెంటు గచ్చులా ఉంటుంది, భయం లేదని మా మామగారు ఫోన్లో ధైర్యం చెప్పారు. ఆయన పాతికేళ్లు ఉప్పు కొఠార్లలో పనిచేసిన మనిషి. మా ఆవిడ మాత్రం ససేమిరా అంటోంది. మీరేమంటారు? ఇంకో మాట, అక్కడి ఉప్పు కాస్త తెచ్చుకుని వంటలో వాడుకోవచ్చా అని మామగారు అడగమన్నారు.

సమాధానం: ఈ ఒక్క విషయంలో మీ ఆవిడ మాట వినండి. వెళ్లొద్దని కాదు. కుబు చూడకుండా బోట్సువానా వదిలి వెళ్లిపోతే ఆరేళ్లు ఉండీ దండగే అంటాను నేను. కానీ డిసెంబరులో, ఒకే బండితో, అదీ గ్వేటా నుంచి అడ్డంగా పడి... ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా నాకు టెన్షనే. మీరు మూడూ కలిపి పెట్టుకున్నారు.

ముందు మీ మామగారి మాట తీసుకుందాం, ఎందుకంటే మీ ధైర్యమంతా అక్కణ్ణుంచే వచ్చినట్టుంది. ఆయన చెప్పింది అబద్ధం కాదు. చినగంజాంలో ఉప్పు మడి అడుగు నిజంగానే గచ్చులా ఉంటుంది. అయితే అది దానంతట అది అలా అవలేదు కదండీ. ఉప్పు తీసే ముందు మనుషులు వరసగా నిలబడి, రోజుల తరబడి కాళ్లతో తొక్కి తొక్కి ఆ అడుగుని గట్టి చేస్తారు. ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు, అడిగి చూడండి. మక్గడిక్గడిని అలా ఎవరూ తొక్కలేదు. అది వేల ఏళ్ల కిందట ఎండిపోయిన ఒక మహా సరస్సు అడుగు. సువా, న్ట్వెట్వే అనే రెండు పెద్ద మైదానాలు, చుట్టూ చిన్నవి, అన్నీ కలిపి చూస్తే మన పాత ఉమ్మడి కృష్ణా జిల్లా కంటే పెద్దది. మనవైపు మాటల్లో చెప్పాలంటే అది ఉప్పు మడి కాదు, చౌడు పట్టిన చెరువు. ఎండిన చెరువులో దిగి మధ్యదాకా నడిచిన వాళ్లెవరికైనా తెలుస్తుంది, పైన పెచ్చు కట్టి ఉంటుంది, మడమ నొక్కితే కింద అడుసు ఊరుతుంది. ఇక్కడా అంతే. ఎండు కాలంలో కూడా కింద తడి ఆరదు. సోవా ఊళ్లో 1991 నుంచి నడుస్తున్న సోడా యాష్ ఫ్యాక్టరీ ఈ మైదానం కింద బావులు తవ్వి ఉప్పునీరు తోడుకునే బతుకుతోంది. అంత నీరు కింద పెట్టుకున్న నేల మీద మీరు రెండున్నర టన్నుల పైచిలుకు బరువు నడిపిస్తానంటున్నారు.

పైగా డిసెంబరు. ఆ దేశంలో డబ్బు పేరే పులా, పులా అంటే వాన. నోటు మీద వాన పేరు రాసుకునేంతగా ఎదురుచూసే ఆ వాన సరిగ్గా మీ సెలవుల్లోనే పడుతుంది. నవంబరు నుంచి మార్చి, ఒక్కోసారి ఏప్రిల్ దాకా. మైదానాల మీద పలచగా నీళ్లు నిలుస్తాయి, ఫ్లెమింగోలు దిగుతాయి, బళ్లు దిగవు. నిలిచిన నీరు కనిపిస్తే ఆగుతాం, అది మేలే. ప్రమాదమంతా రెండు రోజుల కిందట జల్లు పడి, పైన ఆరి, మళ్లీ తెల్లగా మెరిసే చోట ఉంటుంది. ఉరుములు మెరుపులు సరేసరి. కనుచూపు మేర ఎత్తైన వస్తువంటూ ఒక్కటీ లేని చోట పిడుగు వెతుక్కునేది మీ బండి మీది టెంటునే.

నా సంగతి చెబుతాను, వాన కాలం కూడా కాదు. మే నెల. నేనూ నా స్నేహితుడూ ఒకే హైలక్స్‌లో న్ట్వెట్వే అంచున వెళ్తున్నాం. బాట పెద్ద వంపు తిరిగి వెళ్తోంది, ఎదురుగా మాత్రం మహా అయితే మూడు వందల మీటర్లలో అదే బాట మళ్లీ కనిపిస్తోంది. అడ్డంగా కోసేద్దాం అన్నది నేనే. మొదటి వంద మీటర్లూ రన్‌వేలా ఉంది. తర్వాత స్టీరింగ్ కొంచెం బరువెక్కింది, ఇంజను మోత మారింది, వెనక అద్దంలో చూస్తే అప్పటిదాకా తెల్లగా ఉన్న మా చక్రాల జాడ నల్లగా ఉంది. ఆ నలుపు చూడగానే అర్థం కావాలి. నేను చెయ్యకూడని పని చేశాను, బ్రేకు వేశాను. బండి మెల్లగా, ఎవరో భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టినట్టు, ఇరుసు దాకా కూర్చుంది.

దిగి చూస్తే బూడిదరంగు బురద, గ్రీజు కంటే జిగట, కుళ్లిన గుడ్ల వాసన. జాకీ పెట్టాం, బండి లేవడం బదులు జాకీ దిగింది. కింద చెక్క పలక పెట్టాం, పలక కూడా దిగింది. చేత్తో లాగే విన్చ్ ఉంది. మరి దాని కొక్కెం దేనికి తగిలించాలి? చెట్టు లేదు, రాయి లేదు, తుప్ప కూడా లేదు. చివరికి స్టెప్నీ టైరు తీసి, బండికి ముందు పాతిక అడుగుల దూరంలో నడుములోతు గొయ్యి తవ్వి, దాన్ని నిలువుగా పాతి, దానికి తాడు కట్టి లాగాం. గుంజకి గేదెని కట్టినట్టు. ఉదయం పదికి కూరుకున్న బండి రాత్రి ఏడుకి బయటపడింది. ఆ తొమ్మిది గంటల్లో ఒక్క మనిషి, ఒక్క బండి కూడా ఆ దారిన రాలేదు. మేమిద్దరం మగవాళ్లం, ముప్పైల్లో ఉన్నాం, ఎండ మామూలుగా ఉంది. అదే పని డిసెంబరు ఎండలో, ఇద్దరు పెద్దవాళ్లని, ఒక పిల్లాణ్ణి బండి నీడలో కూర్చోబెట్టి చెయ్యడం ఊహించుకోండి.

సరే, అత్తమామల మాటేమిటి? వాళ్లు జనవరికి వెళ్లిపోతారు, ఎండు కాలం మేలో గానీ మొదలవదు. నన్నడిగితే ఈ ప్రయాణాన్ని రెండు ముక్కలు చెయ్యండి. డిసెంబరులో వాళ్లని మీ సొంత కారులోనే ఫ్రాన్సిస్‌టౌన్ మీదుగా నాటాకి తీసుకెళ్లండి. గాబరోన్ నుంచి 600 కిలోమీటర్లు దాటుతుంది, అంతా తారు రోడ్డే, ఫ్రాన్సిస్‌టౌన్‌లో ఒక రాత్రి ఆగితే పెద్దవాళ్లకి నడుం పట్టదు. నాటాకి కొంచెం ఇవతలే పక్షుల సంరక్షణ కేంద్రం ఉంది, చుట్టుపక్కల ఊళ్లవాళ్లే కలిసి నడుపుతారు. సువా ఉత్తరపు అంచు అది. నాటా నది నీళ్లు వచ్చి చేరే చోటు. వాన మంచిగా పడితే ఫ్లెమింగోలు, పెలికాన్లు అక్కడ దిగుతాయి. పులికాట్, నేలపట్టు చూసిన కళ్లకి కూడా అది వేరే లెక్క. లోపలి మట్టిదారి ఎలా ఉందో గేటు దగ్గర అడిగి, బాగోలేదంటే మారు మాట్లాడకుండా వెనక్కి తిరగండి. అక్కణ్ణుంచి గ్వేటాకి 100 కిలోమీటర్లు, అదీ తారు రోడ్డే. అక్కడ గదుల్లో దిగి, స్థానిక గైడుతో పొద్దున్నే ముంగిస జాతి మీర్‌క్యాట్‌లని చూసి రావచ్చు. అవి మనుషులకి ఎంత అలవాటు పడ్డాయంటే ఎత్తు కోసం మనిషి తలమీదకే ఎక్కి కాపలా కాస్తాయి. మీ వాడు టెంట్ ఊసే ఎత్తడు. మామగారికి మైదానం కూడా అంచు నుంచి కనిపిస్తుంది. నాటా–మౌన్ రోడ్డు మీద మాత్రం చీకటి పడ్డాక బండి నడపకండి. గాడిదలు, ఆవులు సరే, ఏనుగులు కూడా రోడ్డు దాటుతుంటాయి.

ఇంకో చిన్న సంగతి, మీరు ఆలోచించి ఉండరు. బండి పైన టెంటుకి నిచ్చెన ఎక్కాలి. రాత్రి రెండుసార్లు లేచే వయసు మనిషిని ఆ నిచ్చెన మీద, టార్చి పట్టుకుని దింపి, గుంట మరుగుదొడ్డి దాకా నడిపించి, మళ్లీ ఎక్కించాలి. కుబులో ఉన్నవి గుంట దొడ్లే. నీళ్లు ఉండవు. మీ అత్తగారికి ఈ విషయం ముందే చెబితే ఆవిడే మీ ఆవిడ పక్షం చేరిపోతుంది.

రెండో ముక్క మీది. జూలైలో ప్రెసిడెంట్ డే సెలవులు కలిసొస్తాయి. జనం ఎక్కువ వస్తారు కాబట్టి చోటు ముందే మాట్లాడుకోండి, లేదా ఆ వారం తప్పించి ముందో వెనకో వెళ్లండి. దారి గ్వేటా నుంచి కాదు. అది న్ట్వెట్వేకి అడ్డంగా, దాదాపు వంద కిలోమీటర్ల నిర్మానుష్యం, మొదటిసారి వెళ్లేవాళ్లకి కాదు. లెట్లకానే నుంచి మ్మత్సుమో ఊరు, అక్కణ్ణుంచి కుబు, వచ్చేటప్పుడూ అదే దారి. కుబుని చూసుకునేది మ్మత్సుమోలోని గైంగ్-ఓ కమ్యూనిటీ ట్రస్టు. డబ్బు కట్టడానికి వాళ్ల దగ్గర ఎలాగూ ఆగాలి కదా, బాట ఎలా ఉంది, ఈ వారం ఎవరైనా కూరుకున్నారా అని అప్పుడే అడిగేయండి. పోయినేడాది తీసిన వీడియో కంటే నిన్న అటు వెళ్లొచ్చిన మనిషి మాట నమ్మాలి.

తోడు ఇంకో బండి ఉండాలి. ఇది నేను బేరం పెట్టే విషయం కాదు. గాబరోన్ తెలుగువాళ్లలో ఫోర్ బై ఫోర్ ఉన్నవాళ్లు మీకు ఇద్దరు ముగ్గురైనా తెలిసే ఉంటారు, ఉగాది భోజనాల దగ్గర కదిపితే చాలు. రెండు బళ్లూ ఒకదాని తోకకి ఒకటి వెళ్లకూడదు, కనీసం రెండు వందల మీటర్లు ఎడం ఉండాలి. ముందుది దిగబడితే వెనకది గట్టి నేల మీద నిలబడి లాగాలి, రెండూ ఒకే బురదలో కూర్చుంటే రెండు బళ్లు తెచ్చి ప్రయోజనం లేదు. బాట జాడ విడిచి పక్కకి దిగొద్దు, ఎంత చదునుగా ఉన్నా సరే. దిగబడకపోయినా మీ చక్రాల గీత ఆ పెచ్చు మీద ఏళ్ల తరబడి చెరగదు. అనుమానం వస్తే ఆగి, దిగి, నడవండి. తెల్లగా, పొడిగా, కాలికింద కరకరమంటే మంచిది. రంగు ముదిరినా, చెమట పట్టినట్టు మెరిసినా, మడమ నొక్కితే నొక్కు పడినా వెనక్కే. నడుస్తుండగా బండి బరువెక్కినట్టు అనిపిస్తే బ్రేకు జోలికి పోకుండా, అదే ఊపులో మెల్లగా వంపు తిరిగి వచ్చిన జాడ మీదకి చేరండి. ఆగిపోతే చక్రాలు గిర్రున తిప్పకండి, ప్రతి తిప్పుకీ ఒక అరఅడుగు లోతు.

గాలి సంగతి. తారు రోడ్డు మీద మనం 32 పాయింట్లు పెడతాం కదా, ఇసుక బాట మొదలవగానే 20కి దించండి. టైరు కింద వెడల్పుగా పరుచుకుంటుంది. మళ్లీ తారు ఎక్కేటప్పుడు నింపుకోవడానికి బ్యాటరీకి తగిలించే కంప్రెసర్ కావాలి. దించడం అందరూ దించుతారు, నింపడం మరిచి ఎనభైలో వెళ్లి టైర్లు పగలగొట్టుకుంటారు.

ఎవరూ చెప్పని ముప్పు ఒకటుంది, గడ్డి. మైదానం చేరేలోపు బాటలో రెండు చక్రాల జాడల మధ్య ఎండుగడ్డి నడుం ఎత్తు పెరిగి ఉంటుంది. దాని గింజలు, ఈకలు ఎగిరి రేడియేటర్ జల్లెడని మూసేస్తాయి, ఇంజను వేడెక్కుతుంది. అది సరే అనుకుంటే, ఊడిన గడ్డి బండి కింద సైలెన్సర్ గొట్టం మీద చుట్టుకుని, కాల్చిన పెనం మీద కాగితం పడేసినట్టు, రాజుకుంటుంది. అలా బండికి బండే తగలబడిపోయిన సందర్భాలు ఆ దేశంలో ఉన్నాయి. రేడియేటర్ ముందు జాలీ కట్టించండి. గడ్డి ఉన్నంత దూరం అరగంటకోసారి ఆగి, వెల్లకిలా పడుకుని, కిందకి చూడండి. లాగడానికి ఒక వంకీ తిరిగిన ఇనప ఊస ఉంటే చాలు, చేతులు పెట్టకండి, గొట్టం కాలుతుంది.

అద్దె బండి కాగితం మొత్తం చదవండి, అకౌంటెంట్లు కాబట్టి మీకు చెప్పక్కర్లేదనుకుంటాను. ఉప్పు మైదానం మీదికి వెళ్లకూడదని, నీళ్లలో, బురదలో కూరుకుంటే ఇన్సూరెన్సు వర్తించదని చాలామంది రాస్తారు. బండి కింది భాగానికి, టైర్లకి, అద్దాలకి కూడా. తాళాలు తీసుకునే ముందు స్టెప్నీ దింపించి గాలి చూడండి. ఒకసారి నాకిచ్చిన బండిలో స్టెప్నీ బాగానే ఉంది, నట్లు విప్పే పానా సైజు మాత్రం వేరు. ఆ సంగతి నాకు ఊరికి రెండొందల కిలోమీటర్ల దూరంలో తెలిసింది. అందుకే ఇప్పుడు వాళ్ల ముంగిట్లోనే ఒక చక్రం విప్పి బిగించి చూపించమంటాను. మొహం చిట్లిస్తారు, చిట్లించనివ్వండి.

నీళ్లు మనిషికి రోజుకి ఐదు లీటర్లు, అది కాక రెండు రోజులకి సరిపడా ముట్టుకోకుండా పక్కన. డీజిలు లెట్లకానేలో నిండా. పార రెండు, జాకీ కింద వెడల్పాటి పలక, లాగే తాడు. ఫోన్‌కి సిగ్నల్ ఉంటుందని నమ్మలేం కాబట్టి శాటిలైట్ ద్వారా మెసేజ్ పంపే పరికరం అద్దెకి తెచ్చుకోండి, గాబరోన్‌లో ఒకరికి "ఫలానా రోజు సాయంత్రం ఆరుకి మెసేజ్ రాకపోతే పోలీసులకి, 999కి చెప్పు" అని అప్పజెప్పి వెళ్లండి. మ్యాప్ ఫోన్లోకి దింపుకోండి. ఎండమావుల్లో కొండ ఉన్నట్టుంటుంది, చెట్టు గాల్లో తేలుతుంటుంది, కంటితో దిక్కు పట్టుకోవడం అయ్యే పని కాదు. బండి ఆగిపోయి సాయం రాకపోతే ఎవరూ నడిచి బయల్దేరకండి. వెతికేవాళ్లకి బండి కనిపిస్తుంది, మనిషి కనిపించడు.

తిండికి మీకు దిగుల్లేదు. మొదటి రోజుకి పులిహోర, తర్వాత ఉప్మా రవ్వ, అటుకులు, పప్పుపొడి, ఆవకాయ. పచ్చి మాంసం మాత్రం ఆలోచించి పెట్టుకోండి. పశువుల గాలికుంటు వ్యాధి పాకకుండా దేశమంతా అడ్డంగా కంచెలు వేశారు. గేట్ల దగ్గర ఆపి చూస్తారు, ఉత్తరం నుంచి దక్షిణానికి వచ్చేటప్పుడు పచ్చి మాంసం ఉంటే తీసేసుకుంటారు. చెప్పులు కూడా మందునీళ్లలో ముంచి దాటమంటారు, మీ వాడికి అదో సరదా. కట్టెలు దారిలోనే కొనుక్కోండి. కుబు మీద పుల్ల కూడా ఏరకూడదు. అది జాతీయ స్మారకం, చుట్టుపక్కలవాళ్లకి పూజనీయమైన చోటు. పేరుకి దీవి, నిజానికి ఒక కిలోమీటరు పొడవున్న గ్రానైటు గుట్ట, దాని మీద బొద్దు బావోబాబ్ చెట్లు, ఒక పక్క ఎవరో ఎప్పుడో రాళ్లు పేర్చి కట్టిన అర్ధచంద్రాకారం గోడ. జూలై రాత్రి సున్నా దగ్గరకి దిగుతుంది, రగ్గులు మరిచిపోకండి. తెల్లారుజామున ఆ చెట్ల మధ్య ఎత్తైన బండ మీద కూర్చుని, నాలుగు వైపులా తెల్లటి నేల గులాబీ రంగుకి తిరగడం చూడండి. టీ ఫ్లాస్కు వెంట ఉండాలి.

తిరుగు దారిలో లెట్లకానే చేరగానే బండి కింద నీళ్లు గట్టిగా కొట్టించి కడిగించండి, ఇంటికొచ్చాక కడుగుదాం అనుకోకండి. ఆ చౌడు ఇనుముని తినేస్తుంది.

ఇక మామగారి ఉప్పు. వంటకి పనికిరాదండీ. అందులో మామూలు ఉప్పుతో పాటు సోడా కూడా కలిసి ఉంటుంది, గాజుకీ బట్టల సబ్బుకీ వాడేదే. ఫ్యాక్టరీ వాళ్లు ఆ రెంటినీ వేరు చేసి అమ్ముతున్నారు. నేను ఒకసారి వేలితో అద్దుకుని నాలుక మీద పెట్టుకున్నాను. మొదట ఉప్పగా, వెంటనే చాకలి సోడాలా జారుడుగా, చేదుగా. ఆయనకి చూడాలనే ఉంటే జూలైలో ఒక చిటికెడు పొట్లం కట్టి పంపండి, చినగంజాంలో పక్కవాళ్లకి చూపించి నాలుగు రోజులు కబుర్లు చెప్పుకుంటారు. పప్పులో వెయ్యొద్దని పొట్లం మీద రాయండి.